మచ్చు నీళ్లు

పోయిన వారం లక్ష్మీదుర్గను గేదెల కొట్టం పక్కన, చెవికి ఫోను ఆనించుకుని ఉండగా వదిలేశాం. పాపం, అప్పటి నుంచీ అలాగే నిలబడి ఉంది. ఇక కదిలిద్దాం.

ఫోనులో అవతల ఉన్నది ఫెబా. మట్టిలో ఉండే ఖనిజాలకూ, మనుషుల్ని పట్టుకుని వదలని జబ్బులకూ ఉన్న చుట్టరికం ఏమిటో తేల్చడానికి గుంటూరు నుంచి ఊరూరా తిరుగుతున్న సర్వే బృందానికి ఆ అమ్మాయే పెద్ద. ఆవిడ చెప్పినవి రెండే ముక్కలు. లక్ష్మీదుర్గ ఉండే వెలగపాలెం నుంచి వచ్చిన నీళ్లలో ఫ్లోరైడు దాదాపు లేనే లేదట. మట్టి సంగతైతే, చుట్టుపక్కల ఏ ఊరి నుంచీ అంత మంచి మట్టి ల్యాబుకు రాలేదట. ఇది మొదటి ముక్క. ఇంటింటికీ తిరిగి రాసుకున్న లెక్కలో మాత్రం ఊళ్లో సగం మందికి మెడ తిరగదు, మోకాలు వంగదు. ఇది రెండోది.

"రెండిట్లో ఏదో ఒకటి అబద్ధం చెబుతోందండీ. మీ నీళ్లయినా చెబుతుండాలి, మీ మోకాళ్లయినా చెబుతుండాలి," అంది ఫెబా. "నీళ్ల సంగతి ల్యాబులో తేలిపోయింది కాబట్టి ఇక అనుమానించాల్సింది మోకాళ్లనే. రేపు వచ్చి ఊళ్లోవాళ్లతో ఒకసారి మాట్లాడి, మీ పేరు జాబితాలోంచి తీసేస్తాను."

కృష్ణా నీళ్ల పైపు ఏయే ఊళ్లకు వేయాలో తేల్చే జాబితా అది. అందులోంచి పేరు పోతే మళ్లీ ఎప్పటికి ఎక్కుతుందో పైపు వేసేవాళ్లకే తెలియదు. పొన్నూరులో కాలవ నీళ్లు తాగి పెరిగి, కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చదివి, దర్శి దాటాక ఎక్కడో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన లక్ష్మీదుర్గ ఈ పైపు గురించి ఇంత పట్టుబట్టేది కాదేమో, భవ్య పుట్టకపోతే.

భవ్యకు మూడేళ్లు. బయటికి కనిపించే పాలపళ్లు తెల్లగా, ముద్దుగా ఉన్నాయి. కానీ చిగుళ్ల లోపల రెండో వరస ఇప్పుడే తయారవుతోంది, తాగే నీళ్లలో ఏముంటే అది కలుపుకుంటూ. కూతురి కోసమని ఫిల్టరు నీళ్ల క్యాను విడిగా తెప్పించి చూసింది లక్ష్మీదుర్గ. ఆ పిల్ల అంగన్‌వాడీలో తాగేది, పక్కింట్లో తాగేది, వీలు చిక్కితే గేదెల తొట్లో కూడా తాగేది. ఒక్క క్యాను వైపు మాత్రం కన్నెత్తి చూసేది కాదు.

రెండో వరస వచ్చాక ఎలా ఉంటుందో తెలియాలంటే వెలగపాలెంలో ఎవరినైనా నవ్వించాలి. నవ్వించినా కనిపించదు. ఇక్కడ పుట్టిన ఆడవాళ్లు నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మగవాళ్లు మీసాలు గుబురుగా పెంచుతారు. కాపురానికి వచ్చిన కొత్తలో, ఈ ఊరి ఆడవాళ్లు ఎంత మర్యాదస్తులో అని పుట్టింటికి ఫోను చేసి మరీ చెప్పింది లక్ష్మీదుర్గ. ఆ మర్యాద వెనకాల గోధుమరంగు చారలున్నాయని తర్వాత తెలిసింది. మళ్లీ ఫోను చేసి ఆ సంగతి చెప్పలేదు.

మర్నాడు ఫెబా వచ్చేసరికి ఊరు ఊరంతా మిరపకాయల్లో మునిగి ఉంది. పంచాయతీ ఆఫీసులో కూర్చుని మాట్లాడదామని ఆవిడ ఉద్దేశం. కాయ కల్లంలో ఉన్న రోజుల్లో పంచాయతీ ఆఫీసుకు వెళ్లేవి కుక్కలు మాత్రమే, అవి కూడా నీడ కోసం. అందుకని మీటింగు చెంచయ్య కల్లంలోనే పెట్టారు.

చెంచయ్య లక్ష్మీదుర్గకు మామగారు. ఆయన కల్లంలో టార్పాలిన్ పట్టాల మీద ఎర్రగా పరుచుకున్న కాయల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, రంగు పోయి పాలిపోయిన తాలు కాయల్ని ఏరి పక్కన పోస్తున్నారు. ఘాటు తగలకుండా కొందరు ముక్కుకూ నోటికీ గుడ్డ చుట్టుకున్నారు. ఫెబాకు అలాంటి ఏర్పాటేమీ లేదు. కారు దిగుతూ తుమ్మింది. నమస్కారం పెడుతూ తుమ్మింది. ఆరోగ్య సర్వే నుంచి వచ్చానని చెప్పబోయి, ఆరోగ్యం దాకా వచ్చి తుమ్మింది.

"కూర్చోబెట్టండమ్మా ఆ పిల్లని. మన జబ్బుల లెక్క తర్వాత, ముందు ఆ పిల్లే ఏమైపోతుందో," అంది సుబ్బరావమ్మ.

సుబ్బరావమ్మ చెంచయ్య భార్య. ఆవిడకు మెడ తిరగదు. పక్కవాళ్లను చూడాలంటే కూర్చున్న పీటతో సహా మనిషి మొత్తం తిరగాలి. అందువల్ల ఆవిడ ఎవరినైనా చూసిందంటే పూర్తిగా చూసినట్టే లెక్క. ఇప్పుడు పీటతో సహా ఫెబా వైపు తిరిగింది.

"అమ్మాయ్, మా కోడలు చెప్పింది. మా మెడలు దొంగ మెడలన్నావంట?"

"అలా అనలేదండీ," అంది ఫెబా కళ్లు తుడుచుకుంటూ. "మట్టిలో, రాళ్లలో ఫ్లోరైడు ఎక్కువుంటే అది బోరు నీళ్లలోకి దిగుతుంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. మీ జబ్బు చూస్తే అచ్చం అదే. కానీ మీ నీళ్లలో అది లేదు. లేనిదాన్ని ఉందని నేనెలా రాసేదండీ?"

"మరి ఈ మెడ ఎందుకు తిరగదు?"

"అదే నన్నూ వేధిస్తోందండీ."

"నిన్ను వేధిస్తోందా? మెడ నాదైతేను?"

కల్లమంతా కిచకిచలాడింది. ఫెబాకు మళ్లీ తుమ్ములు మొదలయ్యాయి. లక్ష్మీదుర్గ మొగుడు కోటేష్ ఇంట్లోకి పరిగెత్తి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఫెబా గటగటా తాగి, గ్లాసు దించి, ఖాళీ అడుగును ఒక్క క్షణం చూసింది.

"మీ నీళ్లు నిజంగానే బావున్నాయండీ. ల్యాబువాళ్లు చెప్పింది నిజమే."

చెంచయ్య మీసం దువ్వుకున్నాడు. "అవి మా బోరు నీళ్లు కాదులే తల్లీ. ఇంటికొచ్చినోళ్లకి బోరు నీళ్లు పోస్తామా? పరువు తక్కువ. వచ్చేపోయేవాళ్ల కోసం క్యాను నీళ్లు ఎప్పుడూ ఉంచుతాం."

తాలు ఏరుతున్న లక్ష్మీదుర్గ చెయ్యి ఆగిపోయింది.

ఎదురుగా ఉన్న మామగారిని చూసింది. నిజానికి చెంచయ్యకు చుట్టుపక్కల పేరు వచ్చింది వ్యవసాయంలో కాదు, మచ్చులో. గుంటూరు యార్డులో వ్యాపారి బస్తాలన్నీ విప్పి చూడడు కదా. బస్తా మూతి దగ్గర చెయ్యి పెట్టి, వచ్చిన గుప్పెడు కాయల్ని మచ్చుగా చూసి ధర కడతాడు. ఆ గుప్పెడులో ఏ కాయలుండాలో ముందే ఏర్పాటు చేసి ఉంచడం చెంచయ్యకు వెన్నతో పెట్టిన విద్య. రంగు తిరిగిన కాయ, నిగనిగలాడే కాయ, తొడిమ ఊడని కాయ. ఆయన పేర్చిన బస్తా మూతిని చూసి ముచ్చటపడని వ్యాపారి లేడు. అందుకే సర్వేవాళ్లు ఊరి నుంచి నమూనాలు అడిగినప్పుడు, ఈ ఊళ్లో మచ్చు సంగతి ఇంకెవరికి తెలుసని పంచాయతీ ఆ బాధ్యత ఆయనకే అప్పగించింది.

"మావయ్యా," అంది లక్ష్మీదుర్గ, పొయ్యి మీద పాలు పొంగకముందు ఉండే నెమ్మదితో. "ల్యాబుకు పంపిన సీసాల్లో ఏ నీళ్లు పట్టారు?"

"నీళ్లే పట్టామమ్మా."

"నీళ్లేలెండి. ఎక్కడివి?"

"ఎక్కడివంటే..." చెంచయ్య ఆకాశం వైపు చూశాడు. అక్కడ సాయం చేసేవాళ్లెవరూ కనిపించలేదు. "ఊరి పేరుతో గుంటూరు పోయే సరుకమ్మా అది. నలుగురూ చూసేది. ఏదో ఒకటి పట్టి పంపిస్తామా?"

"అంటే?"

"అంటే, ఎవరి దగ్గరున్న మంచి నీళ్లు వాళ్లను పట్టమన్నా."

ఫెబా తుమ్ము మధ్యలోనే ఆగిపోయింది.

తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. ఆటో నడిపే కలీం ముందుగా చెప్పేశాడు. "నేనైతే దర్శి ఫిల్టరు ప్లాంటు దగ్గరే పట్టేశానక్కా. ఎలాగూ ఆటో అటే పోతోంది." సోడా కొట్టు లక్ష్మీకాంత్ ఐసు కరిగించి పోశాడు. "ఎండన పడి ఎక్కడెక్కడో తిరిగిపోయే సీసాలాయె, చల్లగా ఉంటే ల్యాబువాళ్లకు బాగుంటుందని..." ఇంకొకావిడ వానకు చూరు కింద పట్టి దాచుకున్న నీళ్లు పోసింది. పప్పు మెత్తగా ఉడకడానికి దాచుకున్నవట, ఊరి పరువు కోసం త్యాగం చేసిందట.

లక్ష్మీదుర్గ మొగుడి వైపు తిరిగింది. కోటేష్ అప్పటికే ఒక తాలు కాయను మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"మీరు?"

"సింగరాయకొండ గుడికెళ్లి వచ్చేటప్పుడు కొన్న సీసా సగం మిగిలింది కదా..."

"చారెడు పప్పు తెమ్మంటే కొట్టు దాకా కదలరు గానీ, దీనికి మాత్రం గుడి దాకా వెళ్లారన్నమాట!"

"గుడికి నువ్వూ వచ్చావుగా!"

ఫెబా నెమ్మదిగా అడిగింది, "మట్టి కూడానా?"

దానికి సమాధానం సుబ్బరావమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఆవిడ పీటతో సహా మొగుడి వైపు తిరుగుతోంది. తిరగడం పూర్తయ్యాక అడిగింది.

"నా పిండి జల్లెడ చావిట్లోకి ఎందుకెళ్లిందా అని మొన్నంతా తలబద్దలు కొట్టుకున్నా. ఏమయ్యా, పెంటకుప్ప పక్కన కూర్చుని నువ్వు జల్లించింది ఈ మట్టేనా?"

"చేలో మట్టంతా రాళ్లూ రప్పలూనే. అది ఎలా పంపేది?" అన్నాడు చెంచయ్య. "ఎరువు కలిసిన మట్టి నల్లగా, మెత్తగా ఉంటది. జల్లించి, నీడన ఆరబెట్టి, ఊరి సరుకు కదా అని పొట్లాలకు పసుపూ కుంకుమా కూడా పెట్టించా."

"పసుపా!" అంది ఫెబా. "ఆ పచ్చటిది ఏ ఖనిజమో తేలక మావాళ్లు ఒక పూటంతా పుస్తకాలు తిరగేశారండీ!"

లక్ష్మీదుర్గకు కోపం రావాలి. వచ్చింది కూడా. "మావయ్యా, ఇది అమ్మకానికి పెట్టిన సరుకా? జబ్బుందని డాక్టరు దగ్గరికెళ్లి, పక్కింటివాడి రక్తం ఇచ్చి వచ్చినట్టుంది మీ పని."

"ఆ పనీ చేశాడమ్మా," అంది సుబ్బరావమ్మ. "షుగరు పరీక్షకు వెళ్లేముందు అన్నం మానేసి, మజ్జిగ తాగి పడుకున్నాడు. డాక్టరు భలే ఉందయ్యా నీ ఒళ్లు అంటే, వచ్చేటప్పుడు దారిలో జిలేబీ కొనుక్కుని తిన్నాడు."

మొదట నవ్వింది కలీం. తర్వాత వాననీళ్ల త్యాగమూర్తి. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో చెప్పడం కష్టం. చెంచయ్య కూడా, ముందు మీసంలోపల, తర్వాత మీసం బయట నవ్వాడు. కల్లం మొత్తం ఊగిపోయింది. కొందరు మూతికి కట్టుకున్న గుడ్డలు లాగేసి మరీ నవ్వారు.

అప్పుడు ఒక విశేషం జరిగింది. నవ్వు రాగానే అలవాటుగా చేతులు నోటి దగ్గరికి లేచాయి, సగంలోనే ఆగిపోయాయి. పొద్దుటి నుంచీ కాయలు ఏరిన చేతులవి. ఆ చేతిని మూతికి తగిలించుకుంటే ఏమవుతుందో వెలగపాలెంలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. చేతులన్నీ గాల్లో నిలబడ్డాయి. నోళ్లన్నీ తెరుచుకునే ఉన్నాయి. నవ్వు ఆగలేదు.

ఫెబా ఒక్కసారిగా నవ్వు ఆపి లేచి నిలబడింది. వరసన కూర్చున్న ఆడవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నడిచింది. పళ్ల మీద గోధుమరంగు చారలు, సుద్ద మచ్చలు, అంచులు పెళుసుబారి విరిగిన చోట్లు. మధ్యలో లక్ష్మీదుర్గ దగ్గర ఆగింది. తెల్లటి పళ్లు.

"మీరు ఇక్కడ పుట్టలేదు కదూ?"

"పొన్నూరు."

"ఈవిడ?" అని పక్కనే ఉన్న ఇంకో తెల్లటి పళ్ల వరసను చూపించింది.

"కొత్తపట్నం పిల్ల. పోయినేడే కాపురానికొచ్చింది."

ఫెబా కళ్లు మెరిశాయి. ఈసారి ఘాటు వల్ల కాదు. "పళ్లకు ఈ చారలు చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్లే పడతాయండీ. పెద్దయ్యాక పడవు. అందుకే బయటి నుంచి వచ్చిన కోడళ్లకు లేవు, ఊరి ఆడపిల్లలకు ఉన్నాయి. ఇంకేం కావాలి నాకు? నీళ్లు మార్చారు, మట్టి జల్లించారు, పళ్లను ఏం చేయగలరు?" అని చెంచయ్య వైపు తిరిగింది. "ఇప్పుడు మీరు అసలు తాగే నీళ్లు చూపించండి. మచ్చు కాదు. తాలు."

చెంచయ్య తానే వెళ్లి చేతి పంపు కొట్టి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఫెబా సంచిలోంచి చిన్న గాజు గొట్టం తీసి, ఆ నీళ్లు పోసి, ఒక సీసాలోని గులాబీ రంగు మందు చుక్కలు వేసింది. "గులాబీ రంగు అలాగే ఉంటే మంచి నీళ్లు. పసుపు పచ్చగా మారితే..."

మాట పూర్తయ్యేలోపే గొట్టంలో గులాబీ రంగు పాలిపోయి, పసుపు పచ్చగా మారింది.

వెలగపాలెం ఈలలు వేసింది. చప్పట్లు కొట్టింది. తాము పుట్టినప్పటి నుంచీ తాగుతున్న నీళ్లు చెడ్డవని తేలినందుకు ఇంత సంబరపడిన ఊరు ఇంకోటి ఉండదు. సోడా కొట్టు లక్ష్మీకాంత్ అందరికీ ఉచితంగా సోడా అన్నాడు. అది కూడా బోరు నీళ్ల సోడాయే కదా అని ఎవరో గుర్తు చేశారు. అయినా తాగుతామన్నారు. సుబ్బరావమ్మ, "చూశావా, నా మెడ ఏనాడూ అబద్ధం చెప్పదు," అని ఎదురుగా ఉన్నవాళ్లకు చెప్పి, పీట తిప్పి పక్కవాళ్లకు కూడా చెప్పింది.

ఫెబా కుర్చీలో కూర్చుని కాగితాల మీద ఏదో కొట్టేసి, మళ్లీ రాసింది. వెలగపాలెం పేరు తిరిగి జాబితాలోకి ఎక్కింది. లక్ష్మీదుర్గ ఊపిరి వదిలి, కూతురి కోసం చూసింది. భవ్య తొట్టి దగ్గర, గేదె పక్కన, మూతి తడితో దొరికింది. ఆ మూతి తుడుస్తూ, ఇంకొన్నాళ్లు ఆగవే తల్లీ అని దాని చెవిలో చెప్పింది.

సంతకం ఒక్కటే మిగిలింది. కలం ఎత్తిన ఫెబా చెయ్యి అలాగే ఆగింది. ఆవిడ చూపు కల్లం చివర, అందరికంటే చురుగ్గా కాయలు ఏరుతున్న మస్తాన్‌బీ మీద నిలిచింది. ఊళ్లోకెల్లా పెద్దావిడ. మూతి గుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ, జిలేబీ మాట మళ్లీ తలుచుకుని నవ్వుతోంది. వరసకు వరస తెల్లటి పళ్లు.

"అవ్వా, పళ్లు కట్టించుకున్నారా?" అని అడిగింది ఫెబా.

"కట్టించుకోడమేందమ్మా? కావాలంటే పీకి చూడు, నీ చెయ్యే నొప్పి పుడతది."

"ఏ ఊరు మీది?"

"ఇదే. అదుగో, ఆ గోడవతల పుట్టా. పెళ్లయితే ఈ గోడివతలికొచ్చా. అంతే నా ప్రయాణం." ఆవిడ మెడ అటు తిప్పి గోడవతల చూపించింది, ఇటు తిప్పి గోడివతల చూపించింది. పిట్టలా తిరిగింది ఆ మెడ.

సుబ్బరావమ్మ పీట తిప్పడం కూడా మరిచిపోయింది. మస్తాన్‌బీవి కట్టుడు పళ్లేనని ఊరంతా ఎప్పుడో తీర్మానించుకుని ఉంది. ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

"చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారవ్వా?"

"మా అబ్బా, మా నాయనే, తవ్వించిన బావి నీళ్లు. తవ్వుతుంటే అడుగున తెల్లటి ఇసక పడిందంట. ఈ దుర్గ కాపురానికి రాకముందు దాకా అవే తాగా. తర్వాతే ఈ బోరు గోల."

ఈ ఊళ్లో ఉన్న ప్రతి బోరూ లక్ష్మీదుర్గకు తెలుసు. బావి మాట మాత్రం ఎన్నడూ వినలేదు. అడుగుదామని మామగారి వైపు చూస్తే, ఆయన మళ్లీ ఆకాశం వైపు చూస్తున్నాడు. కల్లంలో ఉన్న పెద్దవాళ్లందరికీ ఉన్నట్టుండి తాలు కాయల మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది.

ఫెబా వంగి లక్ష్మీదుర్గతో గుసగుసగా అంది. "నేను ఈ మాట వినకుండా ఉంటే బాగుండేదండీ. ఊళ్లో ఒక్క మంచి నీళ్ల బావి ఉందని తేలినా, ఆ ఊరికి పైపు ఇవ్వరు. రూలు అది. ఆ బావి ఒక్కటీ ఊరందరికీ సరిపోతుందా లేదా అని కూడా అడగరు."

లక్ష్మీదుర్గ భవ్యను గట్టిగా ఎత్తుకుంది. ఇప్పుడు ఎవరో ఒకరు ఆ ముసలావిడ నోరు మూయించాలి. లేదా, మచ్చు పేర్చడంలో ఆరితేరిన మామగారు తన విద్యంతా వాడి ఒక చక్కటి అబద్ధం చెప్పాలి. బతుకంతా చెప్పినవాడికి ఇంకొక్కటి బరువా?

"ఏరా చెంచయ్యా," అంది మస్తాన్‌బీ. "ఆ బావి సంగతి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

చెంచయ్య ఆకాశం మీంచి చూపు దించాడు. పసుపు పచ్చగా మారిన గాజు గొట్టాన్ని చూశాడు. భార్య మెడను చూశాడు. మనవరాలి మూతిని చూశాడు. ఆయన మొహంలో ఇంతకుముందు ఎవరూ ఎరగని కళ ఒకటి వచ్చింది. అది నిజం చెప్పబోయేవాడి కళ అని లక్ష్మీదుర్గ పసిగట్టి, "మావయ్యా, వద్దు..." అనబోయింది.

"లేదమ్మా దుర్గా. ఒకసారి మాయచేసి ఊరి మెడ మీదికి తెచ్చా. ఇక ఏదీ దాచను," అన్నాడు చెంచయ్య. పంచె ఎగగట్టి, తాను నిలబడ్డ చోటు నుంచి రెండడుగులు పక్కకు జరిగి, గొంతెత్తి అరిచాడు. "ఒరేయ్ కోటేషూ, కలీమూ! కాయలు పక్కకు లాగండ్రా. ఈ పట్టా ఎత్తండి."